ఫ్రాంకెన్‌ముత్ చర్చి మనకు ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. వేసవిలో వెళ్ళినప్పుడు ఫ్రాంకెన్‌ముత్ అనే ఊరు చూపించాడు. అందరూ ఏడాదంతా క్రిస్మస్ సామాన్లు అమ్మే బ్రానర్స్ షాపులో పడిపోయారు కానీ, నాకు అక్కడి సెయింట్ లొరెంజ్ లూథరన్ చర్చి తెగ నచ్చింది. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నారట. మేం తాతల నాటి నుంచి గుంటూరు లూథరన్లం. మన సంఘం వాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేదండీ. అసలు వయసులో మీరే పెద్ద! మన సంఘానికి పునాది వేసిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జులై 31న. ఫ్రాంకెన్‌ముత్ అనే ఊరు పుట్టింది 1845లో. కాబట్టి వాళ్ళు మనకు తల్లి సంఘం కాదు, దాయాదులు అనుకోండి.

ఇక ఆ చర్చి కథ. జర్మనీలోని బవేరియాలో నోయెన్‌డెటెల్సావ్ అనే పల్లెలో విల్హెల్మ్ లోహే అని ఒక పాస్టరుగారు ఉండేవారు. మిషిగన్ అడవుల్లోని చిప్పెవా ఆదివాసులకు సువార్త చెప్పాలంటే ఒక్క మిషనరీని పంపితే చాలదు, ఒక సంఘమే వెళ్ళి వాళ్ళ మధ్య కాపురం పెట్టి క్రైస్తవ జీవితం ఎలా ఉంటుందో చూపించాలి అన్నది ఆయన ఆలోచన. అలా ఆగస్ట్ క్రేమర్ అనే పాస్టరు వెంట ఓ 15 మంది 1845 ఏప్రిల్‌లో కరోలిన్ అనే ఓడెక్కారు. ఆ రోజుల్లో బవేరియాలో ఆస్తి లేనివాళ్ళకి పెళ్ళికి అనుమతి దొరకడమే గగనం, అందుకే వీళ్ళలో కొన్ని జంటలకు ఓడలోనే క్రేమర్ పెళ్ళి చేశారు. ఆయనకూ కాబోయే భార్య ఆ ఓడలోనే పరిచయమైంది, న్యూయార్క్‌లో దిగాక పెళ్ళి చేసుకున్నారు. భక్తి ఒక్కటే వాళ్ళను అంత దూరం నడిపించిందంటే నేను నమ్మను. సొంత భూమి, సొంత సంసారం అనే ఆశ కూడా గట్టిగానే ఉండి ఉంటుంది.

మిషిగన్‌లోని సాగినా అనే ఊరికి ఆగ్నేయంగా, కాస్ నది ఒడ్డున అడవి కొట్టి ఇళ్ళు వేసుకున్నారు. మరుసటి ఏడాది ఇంకో వంద మంది దాకా వచ్చారు. దుంగలతో కట్టిన మొదటి చర్చిని 1846 క్రిస్మస్‌కి ప్రతిష్ఠించారు. స్వదేశంలో వాళ్ళకు దగ్గర్లో ఉన్న రోస్టాల్ చర్చి పేరే దీనికీ పెట్టుకున్నారు. మీరు చూసిన ఇటుకల చర్చి మాత్రం 1880 నాటిది.

మరి ఎవరి కోసం వచ్చారో ఆ చిప్పెవాల సంగతి? క్రేమర్ దంపతులు వాళ్ళ పిల్లల్ని తమ ఇంట్లోనే ఉంచుకుని, తిండి పెట్టి చదువు చెప్పారు. కొందరు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. కానీ చిప్పెవాలు వేటకీ, మేపుల్ చెట్ల చక్కెర వండుకోవడానికీ కాలాన్ని బట్టి చోటు మారుతుంటారు, వీళ్ళేమో అడవి నరికి పొలాలు చేస్తున్నారు. అడవి పోతే వాళ్ళు ఎందుకుంటారు? 1847లో బయర్లైన్ అనే మిషనరీ వచ్చి పైన్ నది దగ్గర వాళ్ళ మధ్యే వేరుగా పని మొదలుపెట్టాడు. 1853లో ఆయన్ని ఎక్కడికి పంపారో తెలుసా? ఇండియాకి, తమిళ ప్రాంతానికి. ఆయన వెళ్ళాక మిషన్ మెల్లగా ఆగిపోయింది. మిగిలింది పక్కా జర్మన్ ఊరు. ఎప్పటికీ జర్మన్ సంఘంగానే ఉంటామని మొదట్లోనే నియమం రాసుకున్నారు, ఇప్పుడు ఆరాధనలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే అయినా జర్మన్ ఆరాధన పూర్తిగా పోలేదు.

చుట్టరికం దగ్గరికి వద్దాం. సెయింట్ లొరెంజ్ సంఘం 1847లో మిస్సోరీ సినడ్ (సినడ్ అంటే కొన్ని సంఘాల కూటమి) పెట్టినవాళ్ళలో ఒకటి. ఆ సినడ్ 1890ల్లో మన దేశానికి వచ్చి కృష్ణగిరి, ఆంబూరు వైపు పనిచేసింది, దాని సంతానం ఐ.ఇ.ఎల్.సి. (ఇండియా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి). హయ్యర్‌ని పంపింది దానికంటే చాలా పాతదైన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ సినడ్, అది 1748 నాటిది. మన ఎ.ఇ.ఎల్.సి. (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) ఆ కొమ్మ నుంచి వచ్చింది. మార్టిన్ లూథర్ ఒక్కడే, అమెరికాలో కొమ్మలే వేరు.

ప్రశ్న: ఇంతకీ ఫాదర్ హయ్యర్ జర్మనా, అమెరికనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రెండూ. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఫిలడెల్ఫియాకి వలస వెళ్ళాడు. మన దగ్గర పనిచేసి తిరిగి వెళ్ళాక మిన్నెసోటాలో వలస జర్మన్ల మధ్య తిరిగి 1860లో అక్కడ సినడ్ పెట్టించాడు. మీ రాజమండ్రి లూథరన్ మిషన్‌ని ఆంగ్లికన్లకి (ఇంగ్లండ్ చర్చి వాళ్ళకి) అప్పగించేస్తున్నారని తెలిసినప్పుడు ఆయనకు డెబ్భై ఆరేళ్ళు. నేనే వెళ్తానని 1869లో మళ్ళీ ఓడెక్కాడు. మిషన్ చేజారిపోలేదు.