జామెట్రీకి, జాగ్రఫీకి సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, చాలా దగ్గరిదే. జామెట్రీ అనే గ్రీకు మాటకు అర్థమే భూమిని కొలవడం. మన ‘భూగోళం’లో కూడా గోళం ఉంది చూడండి.

హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి చూశాను, పక్కన నీడే లేదు! ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ ఇలాగే జరుగుతుంది.

అదే రోజు మధ్యాహ్నం ఢిల్లీలో మీటరు కర్రకు దాదాపు 20 సెంటీమీటర్ల నీడ పడుతుంది. అంటే కిరణం కర్రతో చేసే కోణం సుమారు 11.2 డిగ్రీలు. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కాబట్టి, భూకేంద్రం దగ్గర వాటి మధ్య కోణమూ అంతే (సమాంతర రేఖల పాఠం గుర్తుందా, అదే ఇది). ఊళ్ల మధ్య నేరుగా దూరం దాదాపు 1,250 కిలోమీటర్లు. 360ని 11.2తో భాగించి 1,250తో గుణిస్తే వచ్చేది సుమారు 40,000 కిలోమీటర్లు, భూమి చుట్టుకొలత! రెండు వేల ఏళ్లకు పూర్వమే ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసిన లెక్క ఇదే. పిల్లలకు ఒక్కసారి చేసి చూపించండి.