పౌచ్‌లోకి నీళ్లు చేరి ఫోను పాడైతే పరిహారం ఎవరివ్వాలి?

ప్రశ్న: విహారయాత్రకు వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ఒక వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొన్నాను. ప్యాకెట్ మీద ‘ఐపీఎక్స్8’ (నీరు చొరబడకుండా ఆపే స్థాయిని తెలిపే గుర్తు) అని రాసి, ఈత కొడుతూ ఫొటోలు తీస్తున్న మనిషి బొమ్మ వేశారు. మోకాలి లోతు సముద్రపు నీటిలో నిలబడి ఫొటోలు తీస్తుంటే పౌచ్‌లోకి నీళ్లు చేరి ఫోను ఆగిపోయింది. మా పాప మొదటి రెండేళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నీటి వల్ల చెడితే వారంటీ వర్తించదని ఫోను కంపెనీ చెప్పింది. పౌచ్ అమ్మినవారేమో ‘పౌచ్ వెనక్కి పంపితే దాని డబ్బు ఇస్తాం, ఫోనుతో మాకు సంబంధం లేదు’ అంటున్నారు. ఒప్పుకోవడం తప్ప మార్గం లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ పౌచ్‌ను వెనక్కి పంపకండి. మీ కేసుకు అదే ప్రాణం. దాన్ని కడగకుండా, అతుకులు లాగి చూడకుండా ఒక సంచిలో భద్రపరచండి. లోపం ఉందో లేదో పరీక్షతో తప్ప తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువుకు సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. వస్తువే లేకపోతే పంపడానికి ఏముంటుంది? పౌచ్ ధర తీసుకుని ‘ఇక ఏ బాకీ లేదు’ అన్న సందేశానికి సరేనంటే, ఫోను సంగతి కూడా అంతటితో ముగిసిందని వారు వాదిస్తారు. ఇలా చేతికి చిక్కిన సాక్ష్యాన్ని తామే పోగొట్టుకుని వచ్చేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

ఫోనుతో సంబంధం లేదన్న మాట సరికాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘ఉత్పత్తి బాధ్యత’ మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. లోపమున్న వస్తువు వల్ల వేరే ఆస్తికి జరిగిన నష్టం, ఆ నష్టం తెచ్చిన మానసిక వేదన కూడా దాని పరిధిలోకి వస్తాయి. పౌచ్ ఒక వస్తువు, ఫోను వేరే ఆస్తి. తయారీలో గానీ రూపకల్పనలో గానీ లోపమున్నా, వాడకం గురించి సరైన సూచనలు ఇవ్వకపోయినా సెక్షన్ 84 కింద తయారీదారు బాధ్యుడే. తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందించడం సాధ్యం కాకపోయినా సెక్షన్ 86 కింద అమ్మినవారిని నిలదీయవచ్చు. పేరూ ఊరూ లేని పౌచ్‌ల విషయంలో ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

అవతలివారి వాదన కూడా ముందే తెలుసుకోండి. వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టాన్ని ఇదే చట్టం పరిహారం లభించే ‘హాని’ నిర్వచనం నుంచి మినహాయించింది. అందువల్ల ఫిర్యాదులో ‘చెప్పిన మాట తప్పారు’ అని మాత్రమే రాసి ఊరుకోవద్దు. వస్తువులోనే లోపం ఉందనీ, సూచనలు చాలలేదనీ, ప్రకటన తప్పుదోవ పట్టించిందనీ విడివిడిగా రాయండి.

రెండో వాదన ఉప్పునీటి గురించి వస్తుంది. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచి చేసే పరీక్ష. ఐపీఎక్స్8 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష. లోతు, సమయం ఎంతో తయారీదారే చెప్పాలి. ఈ పరీక్షలు జరిగేది మంచినీటిలో. సముద్రానికి హామీ ఇవ్వలేదని వారు అనవచ్చు. అలాంటప్పుడు ఈత బొమ్మ ఎందుకు వేశారు, సముద్రంలో వాడరాదని ఎక్కడ హెచ్చరించారు అని మీరు అడగాలి. ఆ ప్యాకెట్‌నూ, ఆన్‌లైన్‌లో వస్తువు పేజీ ఫొటోలనూ ఈరోజే దాచుకోండి. రేపటికి ఆ పేజీ మారిపోవచ్చు.

మీ వైపు బలహీనత ఉంటే అదీ తేల్చుకోవాలి. ‘ముందుగా లోపల కాగితం పెట్టి నీటిలో ముంచి చూడండి’ అన్న సూచన ఉండి, మీరు చూడకపోతే, వస్తువును సరిగా వాడలేదని సెక్షన్ 87 ఆసరాగా వాదిస్తారు. మూత అంచున ఇసుకరేణువో వెంట్రుకో ఇరుక్కున్నా నీళ్లు చొరబడతాయి. జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఫోను పాడైతే బాధ్యత మాది కాదు’ అన్న చిన్న అక్షరాల వాక్యానికి మాత్రం జంకవద్దు. అలా అచ్చు వేసినంత మాత్రాన చట్టం మోపిన బాధ్యత తొలగిపోదు.

ఫోను కంపెనీతో పోట్లాడటం దండగ. నీటి నష్టాన్ని వారంటీ నుంచి మినహాయించి ఉంటే వారి మాటే సాధారణంగా నిలుస్తుంది. అయితే నీరు చేరడం వల్లే ఫోను చెడిందని సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మీ కోరిక తిరస్కరించిన ఆ కాగితమే పౌచ్ తయారీదారుపై మీ సాక్ష్యమవుతుంది.

పాప ఫొటోల విలువను ఏ బిల్లూ చూపలేదు. ఫోనుకు చార్జింగ్ పెట్టకుండా, ఆన్ చేసి చూడకుండా డేటా వెలికితీసే నిపుణుల దగ్గరకు తీసుకెళ్లండి. అందుకైన ఖర్చు రసీదు దాచుకోండి. ఫొటోలు తిరిగి రాకపోతే మానసిక వేదన కింద ఆ సంగతి ప్రత్యేకంగా రాయండి.

ముందుగా తయారీదారుకు, విక్రేతకు, అమ్మకం జరిగిన ఆన్‌లైన్ వేదికకు రాతపూర్వక నోటీసు పంపండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వేదికలోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. విక్రేత ఊరికి వెళ్లనక్కరలేదు. రుసుము లెక్కకు పౌచ్‌కు మీరు చెల్లించిన ధరే ఆధారం. 5 లక్షల రూపాయల వరకు రుసుమే లేదు. ఫోను చెడిన రోజు నుంచి గడువు 2 సంవత్సరాలు.