చదువుల సందేహాలు: న్యూట్రిషన్‌లో పీజీ అంటే డైటీషియన్ ఒక్కటేనా?

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. అనంతపురంలో బీఎస్సీ చేశాను, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మా అమ్మ అంగన్‌వాడీ టీచర్. పిల్లల బరువులు తూచడంలో, రిజిస్టర్లు రాయడంలో అమ్మకు సాయం చేస్తూ పెరిగాను, అందుకే పోషకాహారం మీద పీజీ చేయాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో డైటీషియన్ అయితే సిటీ ఆస్పత్రిలో ఉద్యోగం వస్తుంది, లేదంటే బీఈడీ చెయ్ అంటున్నారు. కోర్సులు వెతికితే పబ్లిక్ హెల్త్ న్యూట్రిషన్, అప్లైడ్ న్యూట్రిషన్, ఫుడ్ సిస్టమ్స్ అని రకరకాల పేర్లు కనిపిస్తున్నాయి. వీటిలో ఏం చదువుతారు? నా డిగ్రీతో సీటు వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, కోర్సు పేర్లు కాసేపు పక్కన పెట్టి ఒక్క విషయం తేల్చుకో. రేపు నువ్వు ఎవరి కోసం పని చేయాలనుకుంటున్నావు? ఆస్పత్రిలో మంచం మీద ఉన్న ఒక మనిషి కోసమా, లేక ఆస్పత్రి గడప తొక్కకముందే ఊరందరి కోసమా? అది తేలితే సగం గందరగోళం పోతుంది.

డైటీషియన్ పని మొదటి రకం. షుగర్ ఉన్నవాళ్లకు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు ఏది ఎంత తినాలో లెక్కగట్టి చెప్పడం. మంచి పని, సందేహం లేదు. కానీ ఆ దారి ఎక్కువగా డిగ్రీలోనే హోమ్‌సైన్స్, న్యూట్రిషన్ చదివినవాళ్లకు సులువు, పీజీ తర్వాత ఇంటర్న్‌షిప్, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష కూడా ఉంటాయి. ఫుడ్ టెక్నాలజీ వేరే, అది ఫ్యాక్టరీ వైపు చదువు, ఆ ఆసక్తి ఉంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) గురించి చూడు. నీ ఉత్తరం చదివితే నీ మనసు ఈ రెండిటి మీదా ఉన్నట్టు నాకనిపించలేదు. పిల్లల్ని తూచి రిజిస్టర్ రాసిన అమ్మాయికి ‘ఈ బిడ్డ బరువు ఎందుకు పెరగడం లేదు’ అనే ప్రశ్న ఎప్పుడో పుట్టి ఉంటుంది. పబ్లిక్ హెల్త్ న్యూట్రిషన్, ఫుడ్ సిస్టమ్స్ రెండూ ఆ ప్రశ్న చుట్టూ తిరిగే చదువులే.

ఫుడ్ సిస్టమ్స్ అంటే ఏం చదువుతారో మన జిల్లా మీదే చెప్తాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె పండించి తిన్న చేలల్లో నూనె మిల్లులకు అమ్ముడుపోయే శెనక్కాయ లక్షల ఎకరాలకు పాకింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, ఆకలి తీర్చింది, అది చిన్న మేలు కాదు, కానీ ఇంట్లో సంగటి వండే రోజులు తగ్గడంలో దానికీ పాత్ర ఉంది. ఇప్పుడు వాన మీద ఆధారపడిన శెనక్కాయ కాయ ఊరే సమయంలో ఎండదెబ్బ తింటే ఏమవుతుందో చూడు. దిగుబడి పోవడం రైతుకు కనిపిస్తుంది. గింజకు పట్టే ఆస్పర్జిల్లస్ అనే బూజు, అది వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం చాలాసార్లు కంటికి కనిపించవు. ఆ విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు, దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాద్ శాస్త్రవేత్తలే. పిల్లల ఎదుగుదల తగ్గడానికీ ఈ విషానికీ సంబంధం ఎంత అనే దాని మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తున్నాయి. వాన, విత్తనం, ఎండబెట్టే కళ్లం, గోదాము, మిల్లు, రేషన్ షాపు, అంగన్‌వాడీ వంటగది, తల్లి కూలికి పోయే వేళలు, తాగే నీళ్లు, ఇవన్నీ కలిసి ఆ బిడ్డ కంచంలోకి ఏం వస్తుందో తేలుస్తాయి. దీన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా చదవడమే ఫుడ్ సిస్టమ్స్. నువ్వు పుట్టి పెరిగిన చోటే ఇంత విషయం ఉందని నువ్వు గట్టిగా నమ్మాలని నా కోరిక.

లెక్కలు కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో మూడో వంతుకు పైగా ఆడవాళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. రక్తం లేకపోవడం, బరువు పెరగడం రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. ఐరన్ మాత్రలు ఊరూరా ఇస్తున్నా ఇలా ఎందుకుందో కనుక్కోవడం ఆస్పత్రి గదిలో కూర్చుంటే కుదరదు.

ఇక ఎక్కడ చదవాలి. మొదటి ప్రయత్నం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకే చెయ్, అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టర్ బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. బెరిబెరి అంటే బియ్యాన్ని మిల్లులో తెల్లగా పాలిష్ పట్టి బీ1 విటమిన్ పోగొట్టుకోవడం వల్ల వచ్చేది, అంటే ఆ సంస్థ పుట్టుకే ఒక మిల్లు దగ్గర మొదలైన సమస్యతో ముడిపడి ఉంది. అక్కడ ఎంఎస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది, ఎంట్రన్స్ రాయాలి, సీట్లు తక్కువ, నీలా లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లనూ తీసుకుంటారు, అయినా ఆ ఏడాది ప్రకటనలో అర్హతలు ఒకసారి సరిచూసుకో. ఇంటికి దగ్గరగా కావాలంటే తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్‌సైన్స్ విభాగం ఉంది. దూరం పర్వాలేదంటే బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీ ఈ రంగంలో పాత పేర్లు. ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అంటే డాక్టర్లకే అనుకుంటారు, చాలాచోట్ల సైన్సు, సోషల్ సైన్సు డిగ్రీవాళ్లకూ అవకాశం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోనే ఉన్న ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వెబ్‌సైట్లు చూడు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ రాయాల్సి ఉంటుంది.

ఏ కాలేజీ అయినా సరే, ఫీజు కట్టేముందు సిలబస్ తెప్పించుకుని రెండు చూడు: ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చదివే శాస్త్రం), స్టాటిస్టిక్స్ గట్టిగా ఉన్నాయా, ఊళ్లలో ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు ఉంది. ఈ రెండూ లేని కోర్సు పేరు ఎంత గొప్పగా ఉన్నా వద్దు. లెక్కలంటే భయం ఉంటే ఈ ఎండాకాలమే పదో తరగతి లెక్కల నుంచి మళ్లీ మొదలుపెట్టు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. దూరవిద్యలో చేసేద్దాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకు. ఫుడ్ అండ్ న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సుల్లో 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో చేర్చుకోవద్దని యూజీసీ చెప్పింది.

ఉద్యోగాల గురించి మీ ఇంట్లోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పు. మొదటి రెండు మూడేళ్లు కాంట్రాక్టు పనులే ఎక్కువ, పరిశోధన ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పోషకాహార పథకాల్లో పోస్టులు. జీతం మొదట్లో మామూలుగానే ఉంటుంది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి) పోస్టులు పడినప్పుడు అర్హత ఉంటే రాయొచ్చు. ఈలోగా చెన్నేకొత్తపల్లి వైపు వెళ్లి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు చిరుధాన్యాల రైతులతో ఎలా పనిచేస్తున్నారో చూసిరా. బిడ్డకు పోషణ తగ్గిందేమో చూసే జబ్బ చుట్టుకొలత టేపు మీ అమ్మ దగ్గర ఉంటే, 11.5 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర రంగు ఎందుకు మొదలవుతుందో చదువుకో. ఇంటర్వ్యూలో నీలా ఆ టేపు చేతపట్టిన అనుభవంతో మాట్లాడగలిగేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు.

ప్రశ్న: మేడమ్, మాది కడప. మా అమ్మాయి బీఎస్సీ న్యూట్రిషన్ మూడేళ్ల కోర్సు పూర్తి చేసింది. అమెరికాలో ఎంఎస్ చేస్తే డైటీషియన్‌గా స్థిరపడొచ్చని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. 40 లక్షల లోన్ తీయాలి. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?
– ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే పెట్టకండి అన్నా. అమెరికాలో రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ తప్పనిసరి, అది నిజం. కానీ ఏదో ఒక ఎంఎస్ న్యూట్రిషన్ చేస్తే సరిపోదు, అక్కడి గుర్తింపు సంస్థ ఆమోదించిన కోర్సు, పర్యవేక్షణలో చేసే ప్రాక్టికల్ శిక్షణ కూడా ఉండాలి. కన్సల్టెన్సీవాళ్లు చెప్పిన కోర్సుకు ఆ గుర్తింపు ఉందా అని యూనివర్సిటీకే నేరుగా మెయిల్ రాయించండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మన మూడేళ్ల డిగ్రీని అక్కడ కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా తీసుకోవు, అదీ అడగాలి.

అమ్మాయికి పబ్లిక్ హెల్త్ వైపు ఆసక్తి ఉంటే నా సలహా వేరు. రెండు మూడేళ్లు ఇక్కడే పని చేయనివ్వండి. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం కావాలి, అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్లు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ లాంటి చోట్ల చదువు నిజంగా బాగుంటుంది, అనుభవంతో వెళ్లిన పిల్లలకు ఇంకా బాగా ఒంటబడుతుంది. అప్పు చేసి వెళ్లిన అమ్మాయి చదువు అయ్యాక నచ్చిన పని వదిలేసి, అప్పు తీరే పని వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ మాట అమ్మాయిని కూర్చోబెట్టుకుని మీరే చెప్పండి, నిర్ణయం మాత్రం తననే తీసుకోనివ్వండి.

ప్రశ్న: ఆదోని దగ్గర విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) చేస్తున్నాను, బీఎస్సీ నర్సింగ్. వయసు 31. ఇప్పుడు ఎంపీహెచ్ చేయడం ఆలస్యమా? ఎంఎస్సీ నర్సింగే మేలా?
– ఒక సోదరి

జవాబు: ఆలస్యమేం కాదమ్మా, ఎంపీహెచ్ క్లాసుల్లో ముప్పై దాటినవాళ్లు మామూలే. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉంటే ఎంఎస్సీ నర్సింగ్, ఊళ్ల ఆరోగ్యం మీద పని చేయాలని ఉంటే ఎంపీహెచ్. పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు చాలాచోట్ల విలువ ఇస్తారు. అప్లికేషన్‌లో ‘సేవ చేయాలని ఉంది’ అని రాయొద్దు, మీ ప్రాంతం సమస్య రాయండి. మీ వైపు కుటుంబాలు పిల్లలతో సహా సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, గుంటూరు వైపు వెళ్తాయి. అలా వెళ్లిన గర్భిణికి ఐరన్ మాత్రలు ఎవరిస్తున్నారు, పిల్లలకు అక్కడి అంగన్‌వాడీలో గుడ్డు దొరుకుతోందా, తిరిగొచ్చాక వాళ్ల హిమోగ్లోబిన్ ఎలా ఉంది? క్లినిక్ రికార్డులు వాడుకోవాలంటే పై అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోండి, పేర్లు ఎక్కడా బయటపెట్టొద్దు. సెలవు, జీతం సంగతి కూడా ముందే కనుక్కోండి, ఉద్యోగం వదలకుండా చదువుకు సెలవు ఇస్తారేమో అడిగాకే ఫీజు కట్టండి.