నెలకు 500 సిప్‌లో పెట్టనా, పాలకే ఉంచనా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లోని జీడిమెట్లలో అద్దెకు ఉంటున్నాము. మా వారు ఒక గోడౌన్‌లో పనిచేస్తారు, చేతికి 13,500 వస్తుంది. నేను ఇంట్లో ఫాల్స్, పీకో కుట్టి 2,500 దాకా సంపాదిస్తాను. పాపకు 7 ఏళ్లు, బాబుకు 20 నెలలు. షుగర్ ఉన్న అత్తయ్య మాతోనే ఉంటారు. అద్దె 4,500, సంఘం లోను వాయిదా 2,650, చిట్టీ 1,000, బీమా పాలసీ 800, పాప స్కూలు ఫీజు 1,200, అత్తయ్య మందులు 900, కరెంటు, గ్యాస్ 900, పెట్రోలు 1,000, ఫోన్లు 500. మిగిలిన దానితో తిండి. నెలాఖరు పది రోజులు పచ్చడి మెతుకులే. కిరాణా కొట్టులో ఖాతా 6,800కి చేరింది. బాబుకు రక్తం (హిమోగ్లోబిన్) 8.6 మాత్రమే ఉందని డాక్టరు చెప్పారు. అందరూ పాప పేరిట సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత మదుపు) మొదలుపెట్టమంటున్నారు. పాలు అర లీటరు నుంచి పావు లీటరుకు తగ్గిస్తే నెలకు దాదాపు 500 మిగులుతుంది. ఆ డబ్బు సిప్‌లో పెట్టమంటారా?

జవాబు: అమ్మా, పాలు తగ్గించకండి. సిప్ ఇప్పుడు వద్దు.

ఇంత సూటిగా చెప్పడానికి కారణం మీ లెక్కలోనే ఉంది. మీ రాబడి 16,000. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 13,450. ఇంటిల్లిపాది తిండికి మిగిలేది 2,550. అందులో బియ్యానికి 1,300, పాలకు 950 దాకా పోతే పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు అన్నింటికీ కలిపి నెలకు 300 మిగులుతోంది. ఐదుగురు మనుషులు నెలంతా 300తో తినలేరు కాబట్టి తక్కినది కిరాణా ఖాతాలో అప్పుగా పేరుకుంటోంది. అద్దె ఆలస్యమైతే ఇంటి యజమాని అడుగుతాడు, వాయిదా తప్పితే లోను ఇచ్చినవారు ఇంటికి వస్తారు, ఫీజు కట్టకపోతే బడి నుంచి కబురు వస్తుంది. పప్పు కొనకపోతే మాత్రం ఎవరూ వచ్చి అడగరు. చాలా ఇళ్లలో డబ్బుకు కటకట వచ్చినప్పుడు కోత మొదట కంచం మీదే పడటానికి కారణం ఇదే. మీ ఇంట్లో ఆ కోత ఫలితం బాబు రక్తపరీక్షలో బయటపడింది.

ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి పైగా మందికి రక్తహీనత ఉంది. బాబుకు డాక్టరు రాసిన ఐరన్ సిరప్‌ను చెప్పినన్ని నెలలూ తప్పకుండా వేయండి, మళ్లీ పరీక్షకు రమ్మన్న రోజున తీసుకువెళ్లండి. ఆ వైద్యం గురించి నేను చెప్పదగినది అంతే. ఆ వైద్యానికి తోడుగా తిండికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది మాత్రం నా పని.

ముందుగా రేషన్ కార్డు. మీ అత్తయ్య, మీ వారి పేర్లతో హైదరాబాద్‌లోనే తీసుకున్న కార్డు ఉందనీ, ఇల్లు మారాక ఆ దుకాణం దూరమై ఎక్కువ నెలలు బియ్యం తెచ్చుకోవడం లేదనీ, మీ పేరు, పిల్లల పేర్లు అందులో లేవనీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం అది. తెలంగాణలో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం ఉచితం. ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చే 5 కిలోలకు రాష్ట్రం మరో కిలో కలుపుతోంది. 2025 ఉగాది నుంచి ఇస్తున్నవి సన్నబియ్యం కాబట్టి పూర్వంలా తినలేక అమ్ముకోవలసిన అవసరం కూడా లేదు. ఐదుగురి పేర్లూ కార్డులో ఉంటే నెలకు 30 కిలోలు వస్తాయి. అంటే మీరు ఇప్పుడు బియ్యానికి పెడుతున్న 1,300 పూర్తిగా మిగులుతుంది. పాత దుకాణానికే వెళ్లనక్కరలేదు, మీ ఇంటి పక్కనున్న రేషన్ దుకాణంలోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. పట్టణాల్లో ఈ కార్డుకు ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షలు. మీ ఇద్దరి సంపాదనా కలిపి 1,92,000 కాబట్టి మీరు అర్హులే.

కొత్త కార్డులు ఇవ్వడం చాలా ఏళ్లు ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైంది. పేర్లు చేర్పించడానికి మీ సేవ కేంద్రంలో దరఖాస్తు చేయండి. ఇక్కడ చాలామంది ఆడపిల్లల దరఖాస్తులు ఒక చిన్న చిక్కు దగ్గర ఆగిపోతుంటాయి. పెళ్లయి ఏళ్లు గడిచినా పుట్టింటి కార్డులో పేరు అలాగే ఉండిపోతుంది, ఒకే ఆధార్ రెండు కార్డుల్లో ఉండకూడదు కనుక అత్తింటి కార్డులో చేర్చరు. ముందు అక్కడ మీ పేరు తీయించండి. పిల్లలకు జనన ధ్రువపత్రం, ఆధార్ సిద్ధం చేసుకోండి. దరఖాస్తు రసీదు భద్రంగా ఉంచుకోండి, ఆలస్యమైతే పౌర సరఫరాల కార్యాలయంలో ఆ సంఖ్య చూపించి అడగడం మీ హక్కు. పేర్లు చేరేదాకా ఇప్పుడున్న ఇద్దరి పేరిట వచ్చే 12 కిలోలనైనా ఒక్క నెల కూడా వదలకండి. ఇదే కార్డు ఆధారంగా 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు అద్దె ఇంట్లో ఉన్నవారికీ వర్తిస్తుంది, 500కు గ్యాస్ సిలిండర్ వస్తుంది, ఆరోగ్యశ్రీలో 10 లక్షల వరకు వైద్యం దొరుకుతుంది.

రెండోది అంగన్‌వాడీ. బాబును ఇప్పటిదాకా అక్కడ నమోదు చేయించలేదని రాశారు. 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం పొట్లం, 16 కోడిగుడ్లు ఇవ్వాలి. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన ఆ పిండి రోజుకు 100 గ్రాముల చొప్పున బిడ్డకు పెట్టడానికి ఉద్దేశించినది. చాలా ఇళ్లలో దాన్ని లడ్డూలు చుట్టి అందరూ తలా ఒకటి తినేయడంతో పొట్లం వారానికే అయిపోతుంది. పాప కూడా అడుగుతుంది, కాదనడం కష్టమే. అయినా ఈ ఒక్క పొట్లం మాత్రం బాబుదని ఇంట్లో అందరికీ చెప్పండి. వేడి నీళ్లలో కలిపి చిన్న గిన్నెలో రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. వాడికి ఇప్పుడు రోజూ కొంటున్న 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మానేయండి. నెలకు ఆ 300తో దాదాపు 40 గుడ్లు వస్తాయి. భోజనంతో పాటు టీ తాగించే అలవాటు ఉంటే అదీ మానిపించండి, తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

మూడోది అత్తయ్య మందులు. షుగర్, బీపీ మాత్రలు బస్తీ దవాఖానాలో (బస్తీల్లోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో) ఉచితంగా ఇస్తారు. అక్కడ ఇచ్చే రక్త నమూనాలకు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో పరీక్షలూ ఉచితమే. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి, సొంతంగా మందు మార్చవద్దు. అదే రోజు మీరూ రక్తపరీక్ష చేయించుకోండి. “నాకు మిగిలింది తింటాను” అని రాశారు. చివర తినేవారికి గిన్నెలో మిగిలేది అన్నం, చారు మాత్రమే. మీరు నీరసించి కుట్టు ఆగిపోతే ఈ ఇంటి లెక్క మొత్తం తలకిందులవుతుంది. మీ వారి జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం కోత ఉందేమో చూడమనండి. ఉంటే పిల్లలకు, మీకు, ఆయన మీద ఆధారపడిన అత్తయ్యకు కూడా ఈఎస్ఐ డిస్పెన్సరీలో వైద్యం ఉంటుంది. ఏళ్ల తరబడి చందా కోయించుకుంటూ కార్డే తీసుకోని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

ఇక బీమా పాలసీ. నెలకు 800 కడుతున్న మీ పాలసీలో మీ వారికి ఏదైనా జరిగితే వచ్చేది లక్ష రూపాయలని రాశారు. ఏడాదికి 436తో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20తో సురక్షా బీమా మీ వారి బ్యాంకు ఖాతా నుంచే తీసుకోవచ్చు. మొదటిది 2 లక్షల జీవిత బీమా, రెండోది ప్రమాదానికి 2 లక్షలు. రెండూ కలిపి నెలకు 38 రూపాయలు. ముందు వీటిలో చేరండి. ఆ తర్వాత, నాలుగేళ్లు కట్టారు కాబట్టి, పాత పాలసీని పెయిడప్‌గా మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఇక ముందు కట్టనక్కరలేదు, ఇప్పటిదాకా కట్టినదానికి తగిన మొత్తం గడువు తీరాక వస్తుంది. ఏజెంటు బంధువే కావచ్చు, మొహమాటపడకండి. బిడ్డకు రక్తం లేని ఇంట్లో నెలకు 800 పాలసీ కొనసాగించమని చెప్పేవారు మీ మేలు కోరేవారు కారు.

చిట్టీ మానకండి, 20 నెలల్లో 11 అయిపోయాయి. రాబోయే నెలల్లో మరీ నష్టానికి పాడకుండా ఎత్తుకుని, కిరాణా ఖాతా 6,800 తీర్చేయండి. మిగిలినది మీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలో జబ్బు, జీతం ఆలస్యం వంటి అవసరాలకు ఉంచండి. తర్వాతి తొమ్మిది వాయిదాలు కట్టాలన్నది గుర్తుంచుకునే ఖర్చు పెట్టండి. ఖాతా తీరితే మీకు కలిగే పెద్ద లాభం, ఎక్కడ చవకగా ఉంటే అక్కడ కొనగలగడం. బాకీ ఉన్న కొట్టులో ధర అడగలేము. ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితం కనుక వారానికోసారి కూకట్‌పల్లి రైతు బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవచ్చు.

సంఘం లోను ఇంకా 13 వాయిదాలు ఉంది. దాన్ని అలాగే కట్టండి. టాప్-అప్ (పాత లోను మీదే మరికొంత అప్పు) ఇస్తామని సిబ్బంది అంటున్నారని రాశారు, ఎంత మాత్రం తీసుకోవద్దు. ఈ రకం మైక్రోఫైనాన్స్ లోను (తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పు) ముందుగా తీర్చితే జరిమానా వేయకూడదనీ, ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదనీ రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉన్న సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు లెక్క చూడండి. బియ్యం 1,300, మందులు 900, పాలసీ 760, మొత్తం 2,960 మిగులుతుంది. ఇక్కడే మీరు గట్టిగా ఉండాలి. ప్రభుత్వ సాయం ప్రధానంగా బియ్యం రూపంలో వస్తుంది, మీ ఇంట్లో కొరత బియ్యానిది కాదు, పప్పుది, గుడ్డుది, ఆకుకూరది. కడుపు నిండినా రక్తం పట్టకపోవడానికి, అదే ఇంట్లో అత్తయ్యకు షుగర్ తగ్గకపోవడానికి అన్నం ఒక్కటే కంచం నిండా ఉండటం ఒక కారణం. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. కాబట్టి బియ్యంలో మిగిలిన డబ్బు ఫోన్ రీఛార్జికో మరో చిట్టీకో పోకుండా మళ్లీ వంటింటికే చేరాలి. సుమారు ధరల్లో చెప్పాలంటే, మీకు, పాపకు రోజుకొక గుడ్డు చొప్పున 60 గుడ్లకు 420, 3 కిలోల కందిపప్పుకు 390, 2 కిలోల పెసలు, శనగలకు 220, కిలో పల్లీలకు 150, కూరగాయలు, ఆకుకూరలకు 1,000. అన్నీ కలిపి 2,180. ఇంకా 780 ఉంటుంది, దాన్ని నెలాఖరు పది రోజుల కోసం విడిగా పెట్టండి. జీతం వచ్చిన మర్నాడే, వాయిదా కట్టకముందే, పప్పులు, పల్లీలు, నూనె నెలకు సరిపడా కొనేయండి. ఆకుకూర వండిన రోజు కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

పాప ఫీజు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పుస్తకాలు, యూనిఫాం ఇస్తారు, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. ఒక్క భోజనం కోసం బడి మార్చమని నేను అనను. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఒకసారి వెళ్లి, టీచర్లు ఎంతమంది ఉన్నారో, పిల్లలు చదవగలుగుతున్నారో స్వయంగా చూసి, నెలకు 1,200 ఇచ్చి కొంటున్న చదువు దానికంటే నిజంగా మెరుగైనదో కాదో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.

సిప్ మాట ఎందుకు వాయిదా వేయమంటున్నానంటే, సిప్ వచ్చే ఏడాది మొదలుపెట్టినా నష్టం కొద్దిపాటిదే. బాబుకు రెండేళ్లు నిండేలోపు అందవలసిన తిండి తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా భర్తీ కాదు. 13 నెలల్లో లోను తీరిపోతే నెలకు 2,650 చేతిలో మిగులుతుంది. అందులో 1,000 వంటింటికి, 1,000 బ్యాంకులోని అత్యవసర నిధికి పోనిచ్చి, మిగిలిన దానితో పాప పేరిట పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. అది ఆడపిల్లకు పదేళ్లు నిండేలోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250 కట్టినా సరిపోతుంది. అప్పటికి పాపకు 8 ఏళ్లు ఉంటాయి.