బావ ఇచ్చే ఐదు లక్షలు, గోతాం అడుగున ఉల్లిగడ్డలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(కర్నూలులో చాలా ఏళ్లు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇస్లాం వ్యాపార నియమాల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నేను ముఫ్తీని కాను. ఫత్వా (మతపరమైన తీర్పు) కావాల్సిన చోట మీకు నమ్మకమున్న ఆలిమ్‌నే (మత పండితుడినే) అడగండి. లెక్కలూ ఒప్పందాల విషయంలో మాత్రం నాకు తెలిసింది చెబుతాను.)

మా బావ సౌదీలో పనిచేస్తాడు. శానిటరీ సామాన్ల షాపు పెట్టుకోమని ఐదు లక్షలు ఇస్తానంటున్నాడు. వడ్డీ హరామ్ (మతంలో నిషిద్ధం) కాబట్టి వడ్డీ వద్దట, లాభం కింద నెలకు పదివేలు ఇస్తే చాలట. అమ్మ ఒప్పుకోమంటోంది. నాకే మనసొప్పడం లేదు. – ఒక యువకుడు, వన్‌టౌన్, కర్నూలు

మీ మనసు సరిగ్గానే చెప్పింది బాబూ. ఐదు లక్షలకు నెలకు పదివేలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. లాభం అని పేరు పెడితే అది మారదు. షాపులో ఆ నెల ఒక్క పైపు అమ్ముడుపోకపోయినా పదివేలు పంపాల్సిందే కదా! ఖురాన్ రెండో అధ్యాయం 275వ వాక్యం వ్యాపారాన్ని అనుమతించి, వడ్డీని నిషేధించింది. వ్యాపారంలో ధర పడిపోవచ్చు, సరుకు పాడైపోవచ్చు, అరువు మునిగిపోవచ్చు. ఆ భయంలో పాలు పంచుకున్నవాడికే లాభంలో పాలు. మీ బావ అడుగుతున్న పద్ధతిలో భయమంతా మీది, నికరమైన రాబడి ఆయనది.

అలాగని ఆయన మీద కోపం పెట్టుకోకండి. పరాయి దేశంలో ఎండకు మాడి కూడబెట్టిన డబ్బు అది, పోతుందేమోనన్న టెన్షన్ ఉండదా? వడ్డీ వద్దనుకున్నాడంటే ఆయన ఉద్దేశం మంచిదే. దారి తెలియలేదంతే. ఆ దారి పేరు ముదారబా. ఒకరిది పెట్టుబడి, ఒకరిది కష్టం. ప్రవక్త ముహమ్మద్ (స) యువకుడిగా ఉన్నప్పుడు ఖదీజా గారి సరుకు తీసుకుని షామ్ (సిరియా ప్రాంతం) దేశానికి వెళ్లి వ్యాపారం చేసింది ఇలాంటి పద్ధతిలోనే.

లెక్క ఇలా ఉంటుంది. లాభంలో మీకు అరవై పాళ్లు, బావకు నలభై అని ముందే అనుకోండి. ఏడాది చివర అద్దె, కరెంటు బిల్లు, పనికుర్రాడి జీతం అన్నీ పోను 2,40,000 మిగిలిందనుకుందాం. మీకు 1,44,000, ఆయనకు 96,000. యాభై–యాభై అనుకున్నా తప్పులేదు, పాళ్లు మీ ఇష్టం. ఇంత మొత్తం అని ఖాయం చేయడం మాత్రం కుదరదు. మీ అక్కగారింట్లో నెలనెలా ఖర్చుకు కావాలంటే కొంత అడ్వాన్సుగా ఇస్తూ ఉండండి, ఏడాది లెక్కలో సర్దుకోండి. అంత లాభం రాకపోతే ఎక్కువ తీసుకున్నది వెనక్కి జమ చేయాలన్నది మొదటే తేల్చుకోవాలి. నష్టమొస్తే డబ్బు ఆయనది పోతుంది, మీ ఏడాది కష్టం మీది పోతుంది. మీరు నిర్లక్ష్యం చేసినా, మాట తప్పి వేరే దాంట్లో డబ్బు పెట్టినా ఆ నష్టం పూర్తిగా మీదే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు వన్‌టౌన్‌ను ముంచేసిన రోజు మీ అమ్మగారిని అడగండి, చెబుతారు. మా పెదనాన్న కొడుకుకు అక్కడ బట్టల కొట్టు ఉండేది. నీళ్లు తీశాక షట్టరు ఎత్తితే మోకాళ్ల దాకా బురద. తాన్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, లాగితే రంగు చేతికి వచ్చేది. అరువు ఖాతా పుస్తకాన్ని మిద్దె మీదికి తీసుకెళ్లి, ఒక్కో కాగితం విడదీసి, గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టాం. సగం పేజీల్లో సిరా అలుక్కుపోయింది. ఆ కొట్టుకు పెట్టుబడి పెట్టిన స్నేహితుడు వచ్చి, అల్మారాలు చూసి, మా వాడి పక్కన కూర్చుని మిగిలిన సరుకు లెక్క వేశాడు. పోయింది తన పెట్టుబడిలోంచి పోయినట్టు రాసుకున్నారు. మిగిలిన దాంతోనే మళ్లీ మొదలుపెట్టారు. ఆ వీధిలోనే ఇంకొకాయన వడ్డీకి తెచ్చి సరుకు నింపాడు. సరుకు బురదలో కలిసింది గానీ వడ్డీ ఒక్క నెలైనా ఆగలేదు. చివరికి కొట్టు అమ్ముకుని ఊరొదిలి వెళ్లిపోయాడు. ఈ నియమం ఎవరిని కాపాడటానికి ఉందో ఆ వారంలో నేను కళ్లారా చూశాను.

ఒప్పందం కాగితం మీద పెట్టండి. సొంత బావతో కాగితమా అని మీ అమ్మ నొచ్చుకుంటారేమో. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం (2:282) నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు రాసుకోవడం గురించి! చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి బద్ధకించొద్దని, సాక్షులను పెట్టుకోమని అందులో ఉంది. ఇది అమ్మకు చదివి వినిపించండి.

ఇంకొక్క మాట మీ బావకు చెప్పండి. లక్షకు నెలకు ఇంత 'హలాల్ లాభం' గ్యారంటీ అంటూ గల్ఫ్‌లో ఉన్నవాళ్ల చుట్టూ తిరిగే స్కీములుంటాయి. 2019లో బెంగళూరులో అలాంటి కంపెనీ ఒకటి కూలిపోయి వేలమంది డబ్బు ఇరుక్కుపోయింది. అందులో పెన్షన్ డబ్బు పెట్టినవాళ్లు, కూతురి పెళ్లికి దాచుకున్నవాళ్లు ఉన్నారు. హలాల్ లాభానికి గ్యారంటీ ఉండదు. గ్యారంటీ అన్న చోటే అనుమానించాలి.

మార్కెట్ యార్డు దగ్గర ఒక వ్యాపారి కింద గుమాస్తాగా చేస్తున్నాను. తాడేపల్లిగూడెం పంపే లారీకి ఉల్లిగడ్డలు గోతాలకెత్తేటప్పుడు మూతి దగ్గర పెద్దవి, అడుగున చిన్నవి, తడిసినవి వేయిస్తాడు. అందరూ చేసేదే అంటాడు. పాపం నాకూ అంటుతుందా? – పేరు వద్దన్న పాఠకుడు, కర్నూలు

అంటుతుంది తమ్ముడూ. జీతగాడివి కాబట్టి తక్కువ అంటుతుందని చెప్పి నిన్ను ఓదార్చలేను.

సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఒక హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం) ఉంది. ప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగి లోపలికి చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు మావాడు కాదన్నారు. వాన పడటం ఆ మనిషి తప్పు కాదు. తడి ధాన్యం అమ్మొద్దని కూడా ఆయన అనలేదు. తడిసిందని చూపించి, దానికి తగ్గ ధర తీసుకోవచ్చు.

మీ యజమానికీ అదే దారి. పెద్దవి ఒక లాటు, చిన్నవి ఒక లాటు, తడిసినవి వేరే. చిన్న గడ్డలకూ కొనేవాళ్లుంటారు, హోటళ్లవాళ్లు అడిగి మరీ తీసుకుంటారు. సెప్టెంబరులో వాన పడ్డాక వచ్చిన సరుకులో తడి గడ్డలు కలిపితే లారీ చేరేసరికి పక్కనున్న మంచివి కూడా కుళ్లుతాయి, అక్కడి వ్యాపారి బిల్లులో కోత పెడతాడు. ఆ కోత మళ్లీ వచ్చేవారం మన రైతు ధరలోనే పడుతుంది. నాకు బాధ కలిగేది ఇక్కడే. పత్తికొండ వైపు నుంచి ట్రాక్టరు కట్టుకుని రాత్రంతా యార్డులో పడుకున్న రైతు ఈ గోతాం మూతి చూడనే చూడడు, దాని ఖరీదు మాత్రం ఆయనే కడతాడు.

దీనికి దగ్గరిదే ఇంకో నిషేధం. సరుకు తెచ్చేవాళ్లు ఊళ్లోకి వచ్చి ధర తెలుసుకోకముందే దారిలో ఎదురెళ్లి కొనొద్దని ప్రవక్త (స) చెప్పారు. అలా కొంటే, బజారుకు వచ్చి అసలు ధర చూశాక బేరం రద్దు చేసుకునే హక్కు అమ్మినవాడికి ఉందని కూడా హదీసులో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందటే రైతు పక్షాన ఇంత గట్టి మాట ఉందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ యజమానితో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడు. నలుగురిలో వద్దు. వినకపోతే ఇంకో కొట్లో పని చూసుకో. పిల్లలున్న ఇల్లు కాబట్టి రేపే మానేయమని నేననను. కానీ వెతకడం మాత్రం ఇవాళే మొదలుపెట్టు.

ఇంట్లోనే చీరలు అమ్ముతాను. జకాత్ (ఏటా పేదలకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) ఎలా లెక్క వేయాలి? ఇద్దరు ముగ్గురు అరువు కట్టలేకపోతున్నారు. ఆ బాకీ వదిలేసి జకాత్ కింద రాసుకోవచ్చా? – ఒక గృహిణి, ప్రొద్దుటూరు

చాంద్రమాన సంవత్సరంలో ఒక తేదీ ఖాయం చేసుకోండమ్మా, చాలామంది రంజాన్‌లో చేస్తారు. ఆ రోజు ఇంట్లో ఉన్న చీరలకు అప్పుడు పలికే ధర కట్టండి. 3,20,000 అనుకోండి. చేతిలోనూ బ్యాంకులోనూ 45,000, తప్పకుండా వస్తుందనుకున్న అరువు 60,000. మొత్తం 4,25,000. హోల్‌సేల్ కొట్టుకు మీరు కట్టాల్సింది 1,05,000 ఉంటే అది తీసేయండి. మిగిలిన 3,20,000 మీద నూటికి రెండున్నర, అంటే 8,000. బీరువా, ఫాల్స్ కుట్టే మిషన్ లెక్కలోకి రావు. మీ ఆస్తి సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరితేనే జకాత్ వర్తిస్తుంది. మీరు వేసుకునే నగల విషయంలో హనఫీ శాఖవాళ్లు జకాత్ ఉందంటారు, వాడుకునే నగలకు లేదని షాఫయీ శాఖవాళ్లు అంటారు. మీ మస్లక్ (మీరు పాటించే శాఖ) ప్రకారం చేయండి.

బాకీ మాటకొస్తే, దాన్ని కొట్టేసి జకాత్ అయిపోయిందనుకోవడం చెల్లదని ఎక్కువమంది పండితుల మాట. రాని డబ్బును జకాత్‌గా రాసుకుంటే పేదవాడి చేతికి ఏమీ వెళ్లదు, మన నష్టమే పూడుతుంది. మీకు బాకీ ఉన్నామె నిజంగా పేదరాలైతే జకాత్ డబ్బు ఆమె చేతికే ఇవ్వండి, షరతు పెట్టకుండా. ఆ తర్వాత ఆమె తనంతట తానుగా మీ బాకీ తీరిస్తే తీసుకోవచ్చు. పిల్లల ఫీజుకు వాడుకున్నా మీరు అడగకూడదు. ఇక మాఫీ చేయడం విడిగా పుణ్యం. ఇబ్బందిలో ఉన్నవాడికి వెసులుబాటు దొరికేదాకా గడువివ్వాలని, వదిలేస్తే ఇంకా మేలని ఖురాన్ (2:280) చెబుతోంది. వసూలుకు వెళ్లి వాకిట్లో గొంతు పెంచే అలవాటు మీకు లేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

నేను హిందువును, నా భాగస్వామి ముస్లిం. మాకు ఫర్నిచర్ వర్క్‌షాపు ఉంది. కొత్త మిషన్‌కు బ్యాంకు లోను తీసుకుందామంటే వద్దంటాడు. వ్యాపారం ఆగిపోతోంది. – ఒక పాఠకుడు, కడప

ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లే ఊరు మీది. మీకు ఒకరి పట్టింపు ఒకరు గౌరవించుకోవడం నేర్పాల్సిన పనిలేదు.

వడ్డీలేని బ్యాంకు మన దేశంలో లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ ఆ ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసినా, 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచన పక్కన పెట్టింది. కాబట్టి మీకు రెండు దారులున్నాయి. డబ్బు మీ దగ్గరుంటే మీరే పెట్టుబడి పెంచండి. లాభం మీరిద్దరూ అనుకున్న పాళ్లలో, నష్టం మాత్రం ఎవరి పెట్టుబడి ఎంతో ఆ నిష్పత్తిలోనే. లేదంటే మిషన్ అమ్మే డీలరు దగ్గరే వాయిదాలకు కొనండి. నగదైతే ఆరు లక్షలు, ఇరవై నాలుగు నెలల వాయిదాలైతే నెలకు 30,000 చొప్పున 7,20,000 అన్నాడనుకోండి. బేరం కుదిరే రోజే ఆ ఒక్క ధర తేలిపోతే, అది అమ్మకమే, వడ్డీ కాదని ఎక్కువమంది ఫకీహ్‌ల (ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల) అభిప్రాయం. మీ భాగస్వామి ఒప్పుకుంటాడు. డీలరు కాకుండా మధ్యలో ఫైనాన్స్ కంపెనీ డబ్బు కడితే అది మళ్లీ అప్పే, చూసుకోండి. వాయిదా ఆలస్యమైతే నూటికి ఇంత అదనం అని ఇన్వాయిస్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకానికి ముందు ఆ లైను కొట్టేయించండి, కుదరదంటే ఇంకో డీలరును అడగండి.