రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వెళ్లే పాంబన్ పాత రైలు వంతెనను రిపేరు చేయకుండా కొత్తది ఎందుకు కట్టారు?
తిరుపతి నుంచి రామేశ్వరం రైలెక్కినవాళ్లు రెండేళ్లకు పైగా దీవికి ఇవతలే దిగి బస్సు పట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఈ ప్రశ్న.

అసలు శత్రువు తుప్పు. 1914 నాటి ఉక్కు, చుట్టూ ఉప్పుగాలి. పడవొస్తే మనుషులు చేత్తో మీటలు తిప్పి మధ్యలోని రెండు రెక్కలను తలుపుల్లా పైకి లేపేవాళ్లు. ఆ కదిలే భాగమే దెబ్బతింది. 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు.

2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల ముక్క మోటార్లతో లిఫ్టులా నిటారుగా 17 మీటర్లు లేస్తుంది. రోడ్డు వంతెన 1988 నుంచీ వేరుగా ఉంది కాబట్టి దీవి జనానికి మరీ ఇబ్బంది రాలేదు.

మా జేజి మాత్రం పాతదే మేలంటుంది: బండి నత్తలా పోతుంటే కిటికీలోంచి సముద్రంలోకి చిల్లర వేసేదట.