చదరంగంలో నాకన్నా బలమైన ఆటగాడితో డ్రా చేస్తే రేటింగు ఎందుకు పెరుగుతుంది?

మీ రేటింగు 1600, ఎదుటివారిది 1800 అనుకుందాం. ఆట మొదలు కాకముందే, రేటింగులు లెక్కగట్టే ఈలో పద్ధతి ఒక అంచనా వేసేస్తుంది: మీకు రావలసింది 0.24 పాయింటు, వారికి 0.76. ఇది గెలుపు శాతం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర పాయింటు కాబట్టి ఆ 0.76లో గెలుపులూ డ్రాలూ కలిసే ఉంటాయి.

డ్రా చేస్తే మీకు 0.5 వచ్చింది, అంటే అంచనా కన్నా 0.26 ఎక్కువ. దాన్ని మీకు వర్తించే గుణకంతో హెచ్చవేస్తారు. అది 20 అయితే రేటింగు 5.2 పెరుగుతుంది. గెలిస్తే 15.2 పెరుగుతుంది, ఓడితే పోయేది 4.8 మాత్రమే. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే లెక్కలో కొత్తవారికి ఈ గుణకం 40, ఒకసారి 2400 దాటినవారికి 10.

ఈలో అన్నది అర్పాద్ ఈలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడి పేరు. ఆయన పద్ధతిని ఫిడే 1970లో స్వీకరించింది. ఆటలో మీరు మంత్రిని బలిచ్చి అద్భుతం చేశారా, ఎదుటివారు నిద్రమత్తులో ఏనుగును పోగొట్టుకున్నారా అన్నది ఈ లెక్కకు పట్టదు. దానికి ఫలితం ఒక్కటే కావాలి.